చెమట ఏ వేళ పడుతోందో రాసిపెట్టుకో

అమ్మలూ,

చర్మం రంగు మారుతోంది, ఊరికే చెమటలు పడుతున్నాయి, లేచేసరికే నీరసం అని మూడూ కలిపి ఒకే వాక్యంలో రాసి, ఇది ఏ జబ్బమ్మా అని అడిగావు. ఆ మూడు మాటలు విని ఒక్క పేరు చెప్పేయడం ఎవరి వల్లా కాదు తల్లీ. థైరాయిడ్ దగ్గర మొదలుపెడితే షుగరు, రక్తహీనత, క్షయ, వాడుతున్న మాత్రలు, చాలా అరుదుగా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వరకు అన్నీ ఆ మూడింట్లో కొన్నిటినో, అన్నిటినో తెచ్చేవే. ఎక్కువ భాగం తేలిగ్గా లొంగేవి. కొన్నిటికి మాత్రం ఆలస్యం పనికిరాదు. ఏది ఏదో విడదీయాలంటే రక్తపరీక్షల కన్నా ముందు మూడు సంగతులు తెలియాలి: చెమట ఏ వేళ పడుతోంది, చర్మం సరిగ్గా ఎక్కడ మారింది, మూడింట్లో ముందు వచ్చింది ఏది. నీ ఉత్తరంలో ఆ మూడూ లేవు. అందుకే ఇంత పొడుగు జవాబు.

చెమటతో మొదలుపెడదాం. కొంతమందికి చిన్నప్పటి నుంచో, పదిహేను పదహారేళ్ల నుంచో అరచేతులు, అరికాళ్లు, చంకలు రెండు వైపులా సమానంగా తడుస్తుంటాయి. నిద్రపోగానే ఆ చెమట ఆగిపోతుంది. ఇబ్బందే గాని జబ్బు కాదు, నీరసం తీసుకురాదు. నిద్రలో పట్టే చెమట సంగతి వేరు. గది ఉక్కగా ఉందా, దుప్పటి మందమైందా అన్నది ముందు తేల్చుకో. గది చల్లగా ఉన్నా బట్టలు పిండేటంత తడిసి, లేచి మార్చుకోవాల్సి వస్తోందంటే అది లెక్కలోకి తీసుకోవాల్సిన చెమట. దానికి తోడు సాయంత్రాలు జ్వరం గాని, రెండు వారాలకు మించిన దగ్గు గాని ఉంటే కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే వెంటనే చేయించాలి. క్షయను ముందు అనుమానించాలి కాబట్టి. దద్దురు ఏమీ లేకుండా ఒళ్లంతా దురద, మెడలోనో చంకలోనో గజ్జల్లోనో నొప్పిలేని గడ్డలు, ఆరు నెలల్లో బరువులో పదో వంతు పైగా తగ్గడం (60 కిలోలుంటే 6 కిలోలు) ఉంటే లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) లేదని నిర్ధారించుకునేదాకా ఆగకూడదు. బరువు పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఒకే యంత్రం మీద చూసుకో. వేర్వేరు చోట్ల చూసిన అంకెలు కలిపి భయపడకు.

గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పగలు కునికిపాట్లు ఉంటే స్లీప్ ఆప్నియా కూడా రాత్రి చెమటలు పట్టిస్తుంది. దీన్ని చాలామంది మర్చిపోతారు.

ఇక విడతలు విడతలుగా వచ్చే చెమట. ఉన్నట్టుండి తలనొప్పి, గుండె దడ, ఒళ్లంతా చెమట, ముఖం పాలిపోవడం, ఆ కాసేపూ బీపీ బాగా పెరగడం, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలైపోవడం: ఇది కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో వచ్చే ఫియోక్రోమోసైటోమా అనే కణితి తీరు. అరుదు. దడ వచ్చినప్పుడల్లా ఇదేనని అనుకోవద్దు. ఆ పూట బీపీ కొలిచి రాసిపెట్టుకుంటే సగం అనుమానం అక్కడే తీరుతుంది. దీనికి చేసే మెటానెఫ్రిన్లు (అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలు) అనే రక్తపరీక్షకు నమూనా ఇచ్చే ముందు 20 నుంచి 30 నిమిషాలు వెల్లకిలా పడుకుని ఉండాలి. గబగబా నడిచొచ్చి కూర్చుని ఇస్తే అంకె ఉత్తుత్తినే పెరిగి కనిపిస్తుంది.

నీ వయసులో మొట్టమొదట చూడాల్సింది థైరాయిడ్. గ్రంథి ఎక్కువగా పనిచేస్తుంటే చర్మం వెచ్చగా, నున్నగా, ఎప్పుడూ కాస్త తడిగా ఉంటుంది. ఆకలి పెరిగినా బరువు తగ్గుతుంది, వేడి ఓర్చుకోలేరు, జుట్టు పలచబడుతుంది, నెలసరి తక్కువవుతుంది. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్లు విడదీసి, వాటి మీద ఒక పల్చటి కాగితం పరిచి చూడు. కంటికి కనపడని వణుకు కాగితం అంచు దగ్గర కనిపిస్తుంది. గోళ్లు కూడా చూసుకో. ముఖ్యంగా ఉంగరపు వేలి గోరు చివర కింది మాంసం నుంచి లేచి, ఆ మేరకు తెల్లగా కనపడితే అదీ ఒక ఆనవాలే. పొద్దున కళ్లు తెరవగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర నాడి నిమిషం పాటు పూర్తిగా లెక్కపెట్టు. పడుకుని ఉండగానే రోజూ 90 దాటుతోందంటే డాక్టరుకు ఆ అంకె చెప్పితీరాలి. గ్రంథి మందగిస్తే లక్షణాలు తిరగబడతాయి: చర్మం పొడిగా, చల్లగా, అరచేతులు కాస్త పసుపు ఛాయగా ఉంటాయి, చెమట తగ్గుతుంది, నెలసరి ఎక్కువవుతుంది. నీరసం మాత్రం రెండింటిలోనూ ఉంటుంది. అందుకే నీరసాన్ని ఒక్కదాన్నే పట్టుకుని జబ్బు చెప్పడం కుదరదు.

థైరాయిడ్ పరీక్షలో ఒక గొయ్యి ఉంది. జుట్టుకు, గోళ్లకు అని అమ్మే బిళ్లల్లో బయోటిన్ అనే విటమిన్ 5 నుంచి 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఒంటికి రోజుకు కావలసింది దాదాపు 30 మైక్రోగ్రాములే. అంత బయోటిన్ రక్తంలో ఉంటే చాలా ల్యాబుల పద్ధతిలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) లేనిపోని తక్కువగా, టీ4 (థైరాయిడ్ వదిలే హార్మోన్) లేనిపోని ఎక్కువగా వస్తాయి. అంటే మామూలు మనిషి కాగితం మీద థైరాయిడ్ రోగి అవుతుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ మాట ల్యాబులో చెప్పి రక్తమివ్వు. మోతాదు ఇంకా ఎక్కువైతే ఎన్నాళ్లు ఆపాలో డాక్టరుని అడుగు.

చర్మం మారింది అన్నావు గాని ఎక్కడో రాయలేదు. అదే అసలు కీలకం. మెడ వెనక, చంకల్లో, గజ్జల్లో మఖమలు గుడ్డలా మందంగా నల్లబడి, మధ్యలో చిన్న చిన్న పులిపిర్లు వేలాడుతుంటే అది మురికి కాదు, ఇన్సులిన్ ఎక్కువై చర్మకణాలు పెరగడం. దయచేసి పీచుతో తోమకు, తోమినకొద్దీ ఇంకా మందమవుతుంది. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) కూడా చూడాలి. పరగడుపు షుగరు 126 గాని, మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గాని, అంతకు పైగా గాని వస్తే మధుమేహం. లక్షణాలు స్పష్టంగా లేకపోతే మరోసారి చేసి ఖాయం చేసుకుంటారు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ముందస్తు దశ. అయితే ఐరన్ తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదాని కన్నా ఎక్కువ చూపించవచ్చు, కాబట్టి రక్తహీనత ఉన్నవాళ్లలో ఆ ఒక్క అంకెనే నమ్ముకోకూడదు. షుగరు మందులు వాడేవాళ్లకు చల్లటి చెమట, వణుకు, తికమక వస్తే అది షుగరు పడిపోవడం. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ కొలవాలి, పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు.

నలుపు మెడలో కాకుండా అరచేతి గీతల్లో, చిగుళ్ల మీద, కొత్తగా మానిన గాయపు మచ్చల్లో, నడుము దగ్గర బట్ట ఒరుసుకునే చోట కనపడితే దారి వేరు. అడ్రినల్ గ్రంథులు అడుగంటిపోతున్నాయేమో చూడాలి. దాన్ని అడిసన్ జబ్బు అంటారు. ఒంట్లో బొత్తిగా శక్తి ఉండదు, బరువు తగ్గుతుంది, ఉప్పు మీదికి మనసు పోతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. అయిదు నిమిషాలు పడుకున్నాక బీపీ చూసుకుని, నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూసుకో. పై అంకె 20 పడిపోతే ఆ వివరం బంగారంలాంటిది. అడ్రినల్ వదిలే కార్టిసాల్ హార్మోన్ పరీక్షకు రక్తం పొద్దున 8 గంటల ప్రాంతంలోనే ఇవ్వాలి, మధ్యాహ్నం అది ఎవరికైనా తక్కువే. వేళ్ల కణుపులు నల్లబడటం బీ12 లోపంలోనూ ఉంటుంది. దాంట్లో నాలుక నున్నబడి మండుతుంది, పాదాలు తిమ్మిరెక్కుతాయి. బీ12 చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే మింగితే రక్తం బాగుపడినట్టే కనపడుతుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

చర్మం జిడ్డుగా, మందంగా మారి, చెమట ఎక్కువై, వేలి ఉంగరం బిగుసుకుని, చెప్పుల సైజు పెరుగుతుంటే అది అక్రోమెగలీ కావచ్చు. పిట్యూటరీలోని కణితి గ్రోత్ హార్మోన్‌ను ఎక్కువగా వదలడం వల్ల వస్తుంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా మారడంతో రోజూ చూసేవాళ్లకు తెలియదు. అయిదేళ్ల కిందటి ఫొటో పక్కన పెడితే తెలుస్తుంది. ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్షతో మొదలుపెడతారు.

బుగ్గల మీద ఎర్రగా వచ్చి ముక్కు పక్క మడతల్లో మాత్రం రాకుండా, ఎండకు ఎక్కువవుతూ, కీళ్ల నొప్పులు, నోటిపూత ఉంటే లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదికే తిరగబడే జబ్బు) ఆలోచించాలి. దానికి మొదట చేసే ఏఎన్‌ఏ రక్తపరీక్ష ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది, కాబట్టి ఈ లక్షణాలు లేకుండా చేయించుకోకు. ఇంకొకటి, ఒళ్లంతా చెమట పట్టినా ఒక పాలిపోయిన మచ్చ మాత్రం పొడిగా ఉండి, కళ్లు మూసుకున్నప్పుడు దాని మీద దూదిపోగు తగిలినా తెలియకపోతే అది కుష్టు కావచ్చు. పూర్తిగా నయమయ్యే జబ్బు, దాచకూడని జబ్బు.

ఇప్పుడు నాకు నిజంగా భయమేసే సంగతి. తడి, చెమట ఉన్నచోట తామర రావడం మామూలే. గుండ్రంగా, అంచు ఎర్రగా పొట్టు రేగి, మధ్యలో తేటగా ఉంటుంది. దానికి దుకాణంలో అడిగి తెచ్చుకునే కలగలుపు క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద ఆగుతుంది, అందుకే జనం నమ్ముతారు. లోపల ఫంగస్ మాత్రం అడ్డు లేక పాకుతుంది, అంచు చెరిగిపోతుంది, తర్వాత చూసిన డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి ఊరికే కమిలిపోతుంది, ఊదారంగు చారలు పడతాయి. బలమైన స్టెరాయిడ్ ఒంట్లోకి ఇంకితే అడ్రినల్ గ్రంథి పని మానేస్తుంది, అప్పుడు ఒక్కసారిగా ఆపినా నీరసంతో కుప్పకూలతారు. ముఖం తెల్లబడే క్రీముల్లో కూడా ఇదే కలుపుతుంటారు. నువ్వు ఏదైనా రాస్తుంటే ఆ ట్యూబు వెనక పేర్లు ఫొటో తీసి పంపు. పేరు చివర 'సోన్', 'సోల్' అని ఉంటే చెప్పు. తామర అవునో కాదో, పైపొట్టు గీసి సూక్ష్మదర్శినిలో చూసే చిన్న పరీక్షతో తేలుతుంది.

యాంటీబయాటిక్స్ విషయంలోనూ అదే మాట, దుకాణంలో అడిగి తెచ్చుకుని మింగకు. వారాల తరబడి జ్వరం, చెమట, నీరసం, గోళ్ల కింద సన్నటి ఎర్ర గీతలు, చర్మం మీద సూదిమొనంత ఎర్ర చుక్కలు ఉంటే గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ అయివుండవచ్చు. మందు మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కు (క్రిమిని పెంచి చూసే పరీక్ష), సాధారణంగా మూడు సార్లు వేర్వేరుగా, తీయాలి. ముందే రెండు బిళ్లలు మింగితే క్రిమి కల్చర్‌లో పెరగకపోవచ్చు, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది.

వాడే మాత్రలన్నీ రాయి. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, మోతాదు ఎక్కువైన థైరాయిడ్ బిళ్లలు చెమట పట్టిస్తాయి. అనుమానం వచ్చినా నీ అంతట నువ్వు ఆపకు, ఇచ్చినవాళ్లనే అడుగు.

మొదటి విడతకు సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్, షుగరు, ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఆనవాళ్లు), కిడ్నీ, లివరు, సోడియం, పొటాషియం, మూత్రం చాలు. నెలసరి తప్పివుంటే గర్భ పరీక్ష. హెచ్‌ఐవీ కూడా ఒకసారి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒళ్లంతా చూసే పెద్ద ప్యాకేజీ వద్దు. నార్మల్ అనే హద్దులు ఆరోగ్యవంతుల్లో 95 శాతం మందికి సరిపోయేలా గీస్తారు. అలాంటివి 20 పరీక్షలు చేస్తే ఏ జబ్బూ లేని ముగ్గురిలో దాదాపు ఇద్దరికి ఏదో ఒక అంకె హద్దు దాటుతుంది. ఆ అంకె వెంట పరుగెత్తడమే సరిపోతుంది.

ఈ కొన్నిటికి మాత్రం నాకు రాయకు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లు: ఛాతీ బిగుతుతో చల్లటి చెమట; జ్వరంతో పాటు గాజు గ్లాసుతో అదిమినా మాయం కాని ఎర్ర మచ్చలు; చర్మం మరకలు మరకలుగా పాలిపోయి, ఊపిరి వేగమై, మాట తడబడటం; వాంతులతో లేచి నిలబడలేకపోవడం.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకో. 14 రోజులు పొద్దున నాడి, వారానికి రెండుసార్లు బరువు, చెమట పట్టిన వేళ, అప్పుడు ఏం చేస్తున్నావు, జ్వరం ఎంత. చర్మం ఫొటోలు పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఏమీ రాయకముందు, పక్కన స్కేలు పెట్టి తియ్యి, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి. పై వాటిలో జ్వరంగాని, గడ్డగాని, బరువు తగ్గడంగాని ఉంటే ఈ 14 రోజులూ ఆగకు, రేపే వెళ్లు. ముందుగా మెడ వెనక, అరచేతులు, చిగుళ్లు, గోళ్లు, ఈ నాలుగు ఫొటోలు పంపించు తల్లీ. మూడింట్లో ఏది ముందు వచ్చిందో కూడా ఆలోచించి రాయి, నెల గుర్తుంటే నెలతో సహా.

ఎదురుచూస్తుంటాను.

అమ్మ