నీ మబ్బు మళ్లీ కనిపించింది

ప్రియమైన వాసూ,

నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు మన్నించు. ఇక్కడ అందరం క్షేమం, పరీక్షలు ముగిశాయి, మిగతా కబుర్లు తీరికగా రాస్తాను. రాత్రి డ్యూటీలో కూర్చుని ఇలా కలం పట్టడానికి కారణం నీ పాత ‘మబ్బు’.

మొన్న ఒకాయన ఎక్స్‌రేలు నా దగ్గరకొచ్చాయి. నడుములోని నాలుగో, ఐదో పూసలను స్క్రూలు, రాడ్లు వేసి కలిపే ఆపరేషన్ జరిగి ఏడాదయింది. నొప్పి లేదు, నడక బాగుంది. ఎదురుగా తీసిన ఫిల్ములో పూసల అడ్డుకొమ్ముల (పక్కలకు పొడుచుకొచ్చే ఎముకల) మధ్య రెండు పక్కలా ఎముక దట్టంగా, తెల్లగా కనిపించేసరికి, ‘పూర్తిగా అతుక్కుంది’ అని రిపోర్టు రాసేశాను. సంతకం ఒక్కటే మిగిలింది.

మా మేడమ్ ఏమీ అనకుండా, ఆపరేషన్ జరిగిన వారానికి తీసిన ఫిల్మును పక్కన పెట్టి చూడమన్నారు. చూశాను. ఆ తెలుపు అప్పుడూ అంతే ఉంది! అది కొత్తగా పెరిగిన ఎముక కాదు, ఆపరేషన్లో పరిచిన ఎముక ముక్కల గుట్ట. నిజంగా అతుకు పడితే ముక్కల అంచులు కరిగిపోయి, ఒక పూస నుంచి మరో పూస దాకా సన్నని ఎముక గీతలు తెగకుండా సాగాలి. ప్రతి ఫిల్ములోనూ ఇలాంటి తెల్లని మబ్బు చూసి, అతుకు పడిందనడానికి ‘వాన ఖాయం’ అనే నిన్ను నేను ఎంత ఏడిపించానో గుర్తుందా? ఈసారి తడిసింది నేను.

తర్వాత, పూసల మధ్య ఇంకా కదలిక ఉందేమో చూడటానికి, ముందుకు వంగి ఒక ఫిల్ము, వెనక్కి వాలి ఒకటి తీయించారు. నొప్పికి భయపడి సగమే వంగేవారిలో కదలిక దాగిపోతుంది కానీ, ఈయన హాయిగా వంగారు. పూసల అంచుల వెంట గీతలు గీసి కొలిస్తే రెండు ఫిల్ములకూ తేడా 8 డిగ్రీలు వచ్చింది. 5 డిగ్రీల లోపైతే అతుకు గట్టిదని ఎక్కువమంది లెక్క వేస్తారు, అయితే గీత కాస్త పక్కకు జరిగినా కొలత మారుతుంది కదా, అందుకే మూడుసార్లు గీశాను. మూడుసార్లూ 5 దాటింది. అప్పుడు కళ్లు తెరిచి చూస్తే, ఐదో పూసలోని కుడి స్క్రూ చుట్టూ మిల్లీమీటరుకు మించిన నల్లటి అంచు! స్క్రూ వదులైందనడానికి అంతకన్నా ఏం కావాలి? అది మొదటి నుంచీ అక్కడే ఉంది, తెలుపు మోజులో నాకే కనబడలేదు. సీటీ స్కాన్లో ఆ ముక్కల గుట్ట నడుమ అడ్డంగా చీలిక స్పష్టంగా తేలింది.

‘నాకు నొప్పే లేదే, అతకలేదంటారేమిటి?’ అని ఆయన అడిగారు. అతకకపోయినా బాధ తెలియని వారుంటారని, అతికినా నొప్పి పోనివారూ ఉంటారని మేడమ్ నెమ్మదిగా చెప్పారు. ఎముక అతుక్కోవడానికి అడ్డుపడే సిగరెట్లను ఆయన ఇంకా మానలేదని అప్పుడు బయటపడింది. సర్జన్ గారు మళ్లీ కోయకుండా, కొన్నాళ్లు గమనిద్దామన్నారు. అదే సరైనదని నాకూ అనిపించింది, అయితే ఆ వదులైన స్క్రూ సంగతి మాత్రం...

ఎమర్జెన్సీ నుంచి పిలుపొచ్చింది. చింపేసిన ఆ రిపోర్టు కాగితం వెనకే ఈ ఉత్తరం రాస్తున్నానని నీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఉంటాను.

నీ
శీను