రేకు సంగతి సరే, జ్వరం సంగతి చెప్పు

బుజ్జమ్మకు,

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది. నువ్వు ఫోన్ ఎత్తడం లేదని నాకేం టెన్షన్ లేదు. నీ కారు గురించి నాలుగు ముక్కలు రాద్దామనిపించింది, అంతే.

1932 ఫోర్డ్‌కి వెనక మూలలు రేకుతో చేత్తోనే కొడుతున్నావట. కష్టమైనచోటే మొదలుపెట్టావు. ఇసుక సంచి మీద కర్రసుత్తితో మధ్యలో కొడితే రేకు సాగుతుంది, అంచులు కుచ్చులుగా లేస్తాయి. ఆ కుచ్చుల్ని మడత పడనీయకుండా, కొస నుంచి లోపలికి చిన్న దెబ్బలతో కుదించాలి. తొందరపడ్డావో, రేకు చిరుగుతుంది.

చిన్ని చెప్పింది, వెల్డింగ్ చేసిన రాత్రి నీకు చలిజ్వరం వచ్చి మర్నాటికి తగ్గిందని. తగ్గింది కదా, పోనీలే.

అల్యూమినియం జోలికి వెళ్లేముందు రాజు బాబాయి సంగతి గుర్తు తెచ్చుకో. ఆ రేకు మెత్తబడాలంటే ముందు ఎసిటిలీన్ గ్యాస్ మంటతో మసి పట్టించాలి. తర్వాత మంట సరిచేసి, ఆ మసి పోయేదాకా మాత్రమే కాచాలి. మసి దండగన్నాడు బాబాయి. ఇనుములా ఎర్రబడగానే ఆపుతానని టార్చ్ పట్టుకు నిలబడ్డాడు. అల్యూమినియం ఎక్కడ ఎర్రబడుతుంది? 660 డిగ్రీల దగ్గర కరిగిపోయేదాకా వెండిలా మెరుస్తూనే ఉంటుంది. నేను వద్దంటున్నా "ఇంకాస్త, ఇంకాస్త" అన్నాడు. బానెట్ మధ్యలో అరచేయంత కన్నం పడి, కరిగింది కాస్తా చెప్పు మీద పడింది. చెప్పు కాలింది, కాలు దక్కింది. పైగా రేకు నాసిరకమంటూ అమ్మినవాడి మీదికి గొడవకు వెళ్లాడు! మీ పిన్ని ఆ చెప్పు చాలాకాలం పారేయలేదు.

ఇంతకీ నువ్వు అతికించింది గాల్వనైజ్డ్ రేకేనా, అదే జింకు పూత పూసింది? జింకు పొగ పీలిస్తే కొన్ని గంటలకు సరిగ్గా అలాంటి జ్వరమే వస్తుంది. పాలు తాగితే పోతుందని షెడ్డుల్లో అంటారు, నమ్మకు. పూత గీకెయ్, గాలి ఆడేచోట చెయ్, పొగలకు పనికొచ్చే మాస్క్ పెట్టుకో. గుడ్డ కట్టుకుంటే చాలదు. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకు మీద వెల్డింగ్ అసలే వద్దు. అది క్లోరిన్ కలిసిన రకమైతే ఫాస్‌జీన్ పుడుతుంది, మొదటి ప్రపంచయుద్ధంలో వాడిన విషవాయువు అది. డాక్టర్‌కి చూపించావా? జ్వరమొక్కటే కాదు, వెల్డింగ్ చేశానని కూడా చెప్పు.

"పిల్లని తిడుతున్నారా?" అంటోంది మీ అమ్మ. తిట్టడం లేదని చెప్పాను.

అతుకు చల్లారేకొద్దీ కుదించుకుపోయి చుట్టూ రేకుని లాగుతుంది. దూరదూరంగా వెల్డింగ్ చుక్కలు పెట్టి, ఆగి ఆగి చెయ్. తర్వాత కింద డాలీ, అదే ఆనుకి పెట్టే ఇనుప దిమ్మ, పెట్టి అతుకు మీదే కొట్టి సాగదియ్. వెల్డింగ్ రకాల్లో టిగ్ అతుకైతే సుత్తి మాట వింటుంది, మిగ్ అతుకు గట్టిది, పగులుతుంది. చేతులకి తొడుగులున్నాయా? చెవులకి?

మొన్న పెట్టిన ఫోటోలో దగ్గుతున్నట్టు కనిపించావు. ఆదివారం ఫోన్ చెయ్యి, చిన్ని చేత కాదు, నువ్వే. ఫెండర్ ఫోటో తర్వాత పంపుదువుగాని, ముందు ఆ మాస్క్ పెట్టుకున్న ఫోటో పంపు.

నాన్న