ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లైప్‌జిగ్ దాకా చేయందించిన వారందరికీ కృతజ్ఞతలు

మోకాళ్ళు అరిగి మెట్లెక్కలేని అమ్మను, నాన్నను, ఒక్కొక్కటి 23 కిలోలున్న నాలుగు పెట్టెలను జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచి లైప్‌జిగ్‌కు రైల్లో క్షేమంగా చేర్చిన అందరికీ మా కుటుంబం తరఫున నమస్కారాలు. పేర్లు రాస్తే ఇబ్బంది పడతారని రాయడం లేదు. ఎవరు ఏ పని చేశారో మాత్రం వివరంగా రాస్తున్నాం. రేపు ఇంకో ఇంట్లో పెద్దవాళ్ళు వస్తున్నప్పుడు ఎవరిని ఏమి అడగాలో తెలుస్తుంది.

మొదటి కృతజ్ఞత హైదరాబాద్‌లో టికెట్ తీసిన ఏజెంటు గారికి. వీల్‌చైర్ అని ఊరికే రాసి వదిలేయలేదు. విమానం వాళ్ళ లెక్కలో డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే దూరం నడవలేరు గానీ మెట్లెక్కగలరని, డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లు కూడా ఎక్కలేరని. మొదటి కోడ్ పడి, విమానం టెర్మినల్‌కు దూరంగా ఆగితే, మెట్లు దిగి బస్సెక్కమంటారు. అమ్మకు రెండోదే వేయించారు.

నేరుగా వెళ్ళే రైలే తీసుకోమని పట్టుబట్టిన లైప్‌జిగ్ తెలుగు మిత్రులకు రెండోది. రైలు మారితే గంట ముందు చేరవచ్చని రైల్వే యాప్ ఆశ పెడుతుంది. కానీ పెద్దవాళ్ళకు కష్టం రైల్లో కూర్చోవడంలో లేదు, దిగి ఇంకోటి ఎక్కడంలో ఉంది. చివరి నిమిషంలో ప్లాట్‌ఫాం మారిందని ప్రకటిస్తే, లిఫ్టు పని చేయకపోతే, నాలుగు పెట్టెలతో ఏమీ చేయలేం. తప్పక మారాల్సి వస్తే మధ్యలో కనీసం 40 నిమిషాలు ఉంచుకోండి. ఏ స్టేషన్లో లిఫ్టు పని చేస్తోందో బాన్‌హోఫ్ డాట్ డీఈలో ఆ స్టేషన్ పేజీలో కనిపిస్తుంది. బయలుదేరే రోజు పొద్దున ఒకసారి చూసుకోండి.

టికెట్ విషయంలోనూ వాళ్ళ మాటే నిలబడింది. చవకగా దొరికే స్పార్‌ప్రైస్ టికెట్ ఆ ఒక్క రైలుకే కట్టుబడి ఉంటుంది. రైలు ఆలస్యమై గమ్యానికి 20 నిమిషాలో అంతకన్నా ఎక్కువో లేటయ్యేలా ఉంటేనే వేరే రైలెక్కనిస్తారు. విడిగా కొన్న టికెట్‌కు మీ విమానం ఆలస్యమైతే ఆ వెసులుబాటు ఉండదు. అందుకే విమానం దిగి ఎక్కే రైలుకు, ఒక్క రైలుకే కట్టుబడని ఫ్లెక్స్‌ప్రైస్ టికెట్ గానీ, విమాన టికెట్‌తో కలిపి ఇచ్చే రైల్ అండ్ ఫ్లై గానీ తీసుకోవాలి. ఇంకో సంగతి, ఆ విమానాశ్రయంలో స్టేషన్లు రెండున్నాయి. దగ్గరి ఊళ్ళ రైళ్ళ స్టేషన్ రీజనల్‌బాన్‌హోఫ్‌లో 1 నుంచి 3 వరకు ప్లాట్‌ఫాంలు, దూరప్రాంత రైళ్ళ స్టేషన్ ఫెర్న్‌బాన్‌హోఫ్‌లో 4 నుంచి 7 వరకు. ఐసీఈ అనే వేగవంతమైన దూరప్రాంత రైళ్ళకు చూడాల్సింది రెండోది.

ఇక నడవలేని వారికి రైలెక్కడంలో, దిగడంలో సాయం ఏర్పాటు చేసే జర్మన్ రైల్వే మొబిలిటీ సర్వీస్ కేంద్రంలో ఫోనెత్తిన ఆవిడకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఈ సాయం ఉచితం, కాకపోతే ప్రయాణానికి ముందురోజు రాత్రి 8 లోపు నమోదు చేయించాలి. ఇక్కడ వాడే మాట ముఖ్యం. "నెమ్మదిగా నడుస్తారు" అంటే చేయి పట్టుకునే మనిషి వస్తారు. "మెట్లు ఎక్కలేరు" అంటేనే ప్లాట్‌ఫాం మీద తోసుకొచ్చే చక్రాల లిఫ్టు వస్తుంది. దూరప్రాంత ప్లాట్‌ఫాం ఎత్తు సాధారణంగా 76 సెంటీమీటర్లు, చాలా ఐసీఈల నేల మీటరుకు పైనే. తలుపు దగ్గర ఆ మెట్లూ సందూ అరిగిన మోకాళ్ళకు చాలా ఎక్కువ. బోగీ నంబరు, పెట్టెలు ఎన్నో కూడా ఆవిడే అడిగి రాసుకున్నారు. వీల్‌చైర్ తోసే మనిషి పెట్టెలు లాగలేరు కదా.

అందరూ మరిచిపోయే చోటు విమానాశ్రయానికీ రైలుకీ మధ్య ఉంది. విమానాశ్రయం వీల్‌చైర్ సేవ వేరు, రైల్వే సేవ వేరు. ఒకరి పని ఎక్కడ ముగుస్తుందో, ఇంకొకరు ఎక్కడ నిలబడతారో మనమే ఇద్దరినీ అడిగి కలపాలి. టెర్మినల్ 1 నుంచి ఫెర్న్‌బాన్‌హోఫ్‌కు నడక చాలానే ఉంటుంది. ఆ దూరమంతా పెట్టెలు లాగింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుకుంటున్న మన తమ్ముళ్ళు. పరీక్షల రోజుల్లో వచ్చారు, కాఫీకి కూడా ఆగలేదు. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాకు చెప్పకపోతే ఊరుకోం.

ప్లాట్‌ఫాం మీద వాళ్ళు చేసిన ఇంకో మేలు, ప్లాట్‌ఫాం భాగాలకు పెట్టిన అక్షరాల్లో బోగీ దేని కింద ఆగుతుందో ముందే చూసి అక్కడ నిలబెట్టడం. రెండు ఐసీఈలను కలిపిన జంట రైలు పొడవు దాదాపు 400 మీటర్లు. కొన్నిసార్లు బోగీలు తలకిందుల వరుసలో వస్తాయి. రెండు రైళ్ళను కలిపి నడిపినప్పుడు లోపలి నుంచి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళడానికి దారి ఉండదు, తప్పు సగంలో ఎక్కితే మళ్ళీ దిగి ఎక్కాల్సిందే. రైలు ఆగేది రెండు మూడు నిమిషాలే. ఎక్కగానే రిజర్వు చేసిన సీట్లో కూర్చోవాలి, 15 నిమిషాల్లో కూర్చోకపోతే ఆ సీటు మీద హక్కు పోతుంది. బరువు పెట్టెలు తల మీది అరలోకి ఎత్తొద్దు, బోగీలో నేల మట్టానికి ఉండే సామాన్ల అరలోనే పెట్టండి. మందుల సంచి మాత్రం ఒళ్ళోనే ఉండాలి.

ఫ్రాంక్‌ఫర్ట్ ప్రధాన స్టేషన్లో రైలు వచ్చిన వైపే తిరిగి బయలుదేరుతుంది. కంగారుపడి దిగకూడదని పెద్దవాళ్ళకు ముందే చెప్పండి. లైప్‌జిగ్‌లోనూ రైలు అలాగే తిరిగి బయలుదేరుతుంది, చాలా రైళ్ళు అక్కడినుంచి డ్రెస్డెన్‌కు వెళ్ళిపోతాయి కాబట్టి అక్కడ మాత్రం త్వరగా దిగాలి. అందుకే పది నిమిషాల ముందే వచ్చి పెట్టెలు తలుపు దగ్గరికి చేర్చిన టికెట్ కలెక్టర్ గారికి దండాలు.

దిగాక ఎదురొచ్చింది నీలం రంగు కోటుల్లో ఉన్న బాన్‌హోఫ్స్‌మిసియోన్ స్వచ్ఛంద సేవకులు. 1894లో బెర్లిన్‌లో చర్చిల ఆధ్వర్యంలో మొదలైన సేవ ఇది, ఇప్పుడు వందకు పైగా స్టేషన్లలో ఉంది. పైసా తీసుకోరు. వేళలు ఒక్కో స్టేషన్లో ఒక్కోలా ఉంటాయి కాబట్టి ముందుగా ఫోన్ చేయాలి. అమ్మ చేయి పట్టుకుని టాక్సీ దాకా నడిపించినావిడ వయసు అమ్మకన్నా ఎక్కువే అయి ఉంటుంది. అమ్మ ఆవిడకు రెండు చేతులూ జోడించింది, మేమూ అదే చేస్తున్నాం.

లైప్‌జిగ్‌కు పెద్దవాళ్ళను తీసుకొస్తున్న వాళ్ళెవరైనా బోగీ నంబరు, పెట్టెలెన్నో చెప్పండి. ప్లాట్‌ఫాం మీద మేముంటాం.