సినిమా విభాగం వార్షిక నివేదిక, 2024–25: రెండో భాగాల ఏడాది

సభ్యులకు నమస్కారం.

ఏప్రిల్ 2024 నుంచి మార్చి 2025 వరకు మన విశాఖపట్నం సంఘం సినిమా విభాగం ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం 5 గంటలకు కమ్యూనిటీ హాల్లో కూర్చుంది. మే ఒక్కటి తప్పింది. సమావేశం 12న పడింది, 13న రాష్ట్రమంతటా పోలింగ్. ఆ సాయంత్రం జనాన్ని పోగెయ్యడం ఎందుకని మానేశాం. జమాఖర్చుల పత్రం కోశాధికారి సంతకంతో నోటీసు బోర్డు మీద ఉంది కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయడం లేదు.

ఏడాదంతా సీక్వెల్స్ గురించే మాట్లాడుకోవాలని ముందుగా అనుకున్నది కాదు. థియేటర్లకు అవే వరసపెట్టి వచ్చాయి. ‘టిల్లు స్క్వేర్’, ‘గీతాంజలి మళ్ళీ వచ్చింది’, ‘భారతీయుడు 2’, ‘డబుల్ ఇస్మార్ట్’, ‘మత్తు వదలరా 2’, ‘పుష్ప 2’ అన్నీ ఈ పన్నెండు నెలల చర్చలోకే వచ్చి పడ్డాయి.

హాల్లోనే తెర కట్టి సినిమా వెయ్యమని ఈసారీ చాలామంది అడిగారు. ఓటీటీ చందా సొంతంగా, ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చేది. సంఘం హాల్లో పదిమందికి వేస్తే ఆ నిబంధన తప్పినట్టే, టికెట్ పెట్టకపోయినా సరే. హక్కులున్నవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, కొత్త సినిమాకి అది మన స్థాయిలో అయ్యే పని కాదు. అందుకే చూడటం ఎవరికి వారు, మాట్లాడుకోవడం అందరం కలిసి.

బాకీ చీటీ

ఏప్రిల్ 14న ‘టిల్లు స్క్వేర్’ మీద చర్చ పెట్టినప్పుడు మా పద్ధతిలో లోపం ఒకటి తేలింది. రెండో భాగం నుంచి ఏం ఆశించారో అందరూ అది చూసి వచ్చాక చెబుతున్నారు. నచ్చినవాళ్ళూ ‘నేను ముందే అనుకున్నా’ అంటారు, నచ్చనివాళ్ళూ అదే మాట అంటారు. ఇక తేలేదేముంది? దీనికి విరుగుడుగా జూన్ నుంచి బాకీ చీటీ మొదలుపెట్టాం.

ఒక ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే నాలుగు చీటీలు. రెండో భాగానికి వెళ్ళేముందు పది రోజుల్లోపు మొదటి భాగాన్ని ఇంట్లో మళ్ళీ చూడాలి. చూశాక చీటీ మీద మూడు వాక్యాలు రాయాలి. కథలో తేలకుండా మిగిలిన ప్రశ్న ఏది? మళ్ళీ చూడాలనిపించే మనిషి ఎవరు? మళ్ళీ అదే వస్తే విసుగు పుట్టించేది ఏది? పేరు, తేదీ వేసి, మడిచి, హాలు బీరువాలో ఉన్న జంతికల డబ్బాలో వెయ్యాలి. చర్చ రోజున అందరి ముందూ విప్పి చదువుతారు.

చీటీ పనిచెయ్యనప్పుడు కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: మొదటి భాగం మళ్ళీ చూడకుండా జ్ఞాపకం మీద రాసెయ్యడం. జ్ఞాపకంలో పాటలూ, నాలుగు డైలాగులూ, ఇంటర్వెల్ సీనూ ఉంటాయి. సెకండాఫ్‌లో కునుకు తీసిన అరగంట ఉండదు. అలా రాసిన చీటీలో మొదటి భాగం ఉన్నదానికంటే గొప్పదైపోతుంది, ఆ లెక్కన ఎంత మంచి రెండో భాగమైనా తీసికట్టే.

మొదటి వాక్యం ఖాళీగా వదిలేస్తే తప్పు కాదు. మాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ ఖాళీయే. 2015 జూలై 10న ‘బాహుబలి’ చూసి బయటికొచ్చిన వాళ్ళకి చీటీ ఇచ్చి ఉంటే అందరూ ఒకటే ప్రశ్న రాసేవాళ్ళు, దానికి జవాబు కోసం 2017 ఏప్రిల్ 28 దాకా ఆగారు. అది కథ పడ్డ బాకీ. మొదటి భాగం బాకీ ఏమీ పెట్టకుండా ముగిసిపోతే, రెండో భాగం ఆ పేరు మీద కొత్తగా చేసే అప్పు అవుతుంది. తీర్చేది మాత్రం టికెట్ కొన్నవాళ్ళే.

సినిమా సినిమాకీ

‘టిల్లు స్క్వేర్’కి చీటీల్లేవు. చర్చలో తేలిందేమిటంటే, 2022లో వచ్చిన ‘డీజే టిల్లు’ చివర్న కథ కంటే మనిషే మిగిలాడు. రాధిక చేతిలో మోసపోయినవాడికి ఇంకో అమ్మాయి ఎదురైతే వాడు నేర్చుకున్నాడా, లేదా? ఈ ఒక్క ప్రశ్న సినిమాని మోసింది. దర్శకుడు మారినా టిల్లు మాట తీరు చెదరలేదు, ఎందుకంటే రెండిటి రచనలోనూ సిద్ధు జొన్నలగడ్డ చెయ్యి ఉంది. నిడివి రెండు గంటల దగ్గర ఆపడం ఇంకో మంచి పని. మాటల మీద నడిచే సినిమా అంతకు మించితే టిల్లు తన ఊతపదం ‘అట్లుంటది’ని మన చేత కూడా అనిపిస్తాడు.

‘గీతాంజలి మళ్ళీ వచ్చింది’ చర్చ మేలో జరగాల్సింది, జూన్ 9కి వెళ్ళింది. పదేళ్ళ కిందటి దెయ్యం తన పగ మొదటిసారే తీర్చుకుంది. అప్పు తీరిన దెయ్యాన్ని మళ్ళీ పిలవాలంటే కొత్త బంగ్లా, కొత్త దెయ్యాలు కావాలి. ఊటీ బంగ్లా అలాగే వచ్చింది. చీటీల్లో మొదటి వాక్యం చాలావరకు ఖాళీ. ఇంతకంటే దీని గురించి రాసేది లేదు.

‘భారతీయుడు 2’ దగ్గర కాస్త ఆగాలి. సినిమా జూలై 12న విడుదలైంది, మా సమావేశం 14న. చాలామంది చూడకపోవడంతో ఆగస్టు 11కి జరిపాం. ఈలోపు ఒక చిక్కు వచ్చింది. విడుదలైన రెండు మూడు రోజులకే నిర్మాతలు 12 నిమిషాలు కత్తిరించారు. మొదటి రోజు వెళ్ళినవాళ్ళు మూడు గంటల సినిమా చూశారు, తర్వాత వెళ్ళినవాళ్ళు అంతకంటే తక్కువ. ఇద్దరూ ఒకే సినిమా గురించి మాట్లాడుతున్నామనుకుని గంటసేపు వాదించుకున్నారు. అప్పటి నుంచి చీటీ వెనక ‘చూసిన తేదీ, ఆట’ అని ఒక గీత పెట్టాం.

కత్తెర వేస్తే బాగుపడే జబ్బు కాదది. 1996 నాటి మొదటి ‘భారతీయుడు’లో హీరో సేనాపతి కోపానికి ఇంట్లోనే పునాది ఉంది. లంచం ఇవ్వనన్నందుకు కూతురు ప్రాణం పోయింది, లంచం పుచ్చుకున్నందుకు కొడుకుని తన చేత్తోనే చంపుకున్నాడు. ఆ ఇల్లు కథలోంచి తీసేస్తే మిగిలేది వేళ్ళతో ఆయువుపట్ల మీద కొట్టే మర్మకళ ఒక్కటే. కొత్త సినిమాలో ఒకడి తర్వాత ఒకణ్ణి కొత్త కొత్త రకాల్లో చంపడం ఉంది, ప్రతి చావుకీ వెనక ఒక కన్నీటి కారణం లేదు. మొదటి భాగం చివర విదేశం నుంచి ఫోన్ చేసి ‘అవసరమైతే వస్తా’ అన్నాడు కదా, అది బాకీయే కదా అని కొందరు వాదించారు. వస్తానన్న మాట తలుపు తీసి ఉంచడం మాత్రమే. ఎందుకు రావాలో కథ చెప్పాలి. పైగా స్వాతంత్ర్య పోరాటంలో ఉన్న మనిషి 2024లో నూరు దాటినవాడు, దాన్ని సినిమా పట్టించుకోలేదు. తీసింది ఎక్కువైపోయి రెండు సినిమాలుగా పంచారు గనుక ఇది సగం భోజనం, చివర్లో మూడో భాగం ట్రైలర్ పెట్టి చెయ్యి కడిగించారు. మూడో వాక్యం కింద ఒక సభ్యురాలు ముందే రాసిపెట్టారు: ‘రెహమాన్ పాటలు గుర్తుచేసి ఏడిపించొద్దు’. అనిరుధ్ పాటలు గుర్తు చెయ్యలేదు, అది మరీ బాధ.

‘డబుల్ ఇస్మార్ట్’ని సెప్టెంబర్ 8న, చవితి మర్నాడు, ఉండ్రాళ్ళు తింటూ తిట్టుకున్నాం. 2019 నాటి ‘ఇస్మార్ట్ శంకర్’లో కిటుకు ఒక పోలీసాయన జ్ఞాపకాలు హీరో శంకర్ తలలోకి ఎక్కించడం. రెండోసారి విలన్ జ్ఞాపకాలు ఎక్కించారు. తల మారలేదు, లోపలికి వెళ్ళే సరుకు మారింది. వినడానికి ఇది మంచి ఆలోచనే. మంచివాడి తలలో చెడ్డవాడు కూర్చుంటే ఏమవుతుందన్నది నిజంగా పెద్ద ప్రశ్న. దాన్ని తేల్చకుండా పక్కదారి కామెడీ మీద కాలం గడిపారు. మొదటి భాగాన్ని మళ్ళీ చూసినవాళ్ళు ఇంకో సంగతి కూడా చెప్పారు: అదీ మనం తలుచుకున్నంత బాగాలేదు, మణిశర్మ పాటలే నిలబెట్టాయి.

అక్టోబర్ 13 దసరా మర్నాడు, జనం పల్చన. ‘మత్తు వదలరా 2’ చీటీల్లో రెండో వాక్యం దాదాపు ఏకగ్రీవం, హాస్యనటుడు సత్య చేసిన యేసు అనే కుర్రాడి పాత్ర. 2019 నాటిది నవ్విస్తూ భయపెట్టిన థ్రిల్లర్. ఇది భయాన్ని వదిలేసి నవ్వునే పట్టుకుంది. కథ పలచబడిందని అందరూ ఒప్పుకున్నారు, ఎవరూ కోప్పడలేదు. మనిషి కోసం వెళ్ళారు, మనిషి దొరికాడు. కిందటి ఏడాది ‘సీక్వెల్ అంటే కథ కొనసాగాలి’ అని చేసిన తీర్మానం ఇక్కడే రద్దయింది.

‘పుష్ప 2’ డిసెంబర్ 5న వచ్చింది. 8న సమావేశమంటే పెంచిన రేట్లకు టికెట్లు కొనమని సభ్యుల్ని తోసినట్టు అవుతుందని జనవరి 12కి, భోగి ముందు రోజుకి జరిపాం. కాబట్టి మేము మాట్లాడుకున్నది 200 నిమిషాల సినిమా. ఆ తర్వాత జనవరి 17న ఇంకో 20 నిమిషాలు కలిపి వదిలినది లెక్కలోకి రాదు.

మొదటి భాగం పెట్టిన బాకీలు రెండు. హీరో పుష్ప బట్టలు విప్పించి పంపిన పోలీసు అధికారి షెకావత్‌తో తగువు ఒకటి, పుష్పకి ఇంటిపేరు ఇవ్వని సవతి అన్నతో తగువు రెండోది. చీటీల్లో ఎక్కువ మంది మొదటిదే రాశారు, సినిమాకి ముఖ్యమైంది రెండోది. షెకావత్ పద్దు చివరికి రాకముందే మూసేశారు, ఆఖరి ఘట్టం అన్న కూతురి కోసం నడుస్తుంది, ఇంటిపేరు దగ్గర ముగుస్తుంది. ఎవరికి నచ్చింది, ఎవరికి నచ్చలేదు అన్నది వాళ్ళు ఏ బాకీ రాశారన్న దాన్ని బట్టే తేలిపోయింది. చీటీ పద్ధతి ఇంత శుభ్రంగా పనిచేసింది ఈ ఒక్కసారే. జాతర ఘట్టం గురించి గొడవ లేదు. మొదట్లో వచ్చే జపాన్ ఘట్టం ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు.

ఫిబ్రవరి, మార్చి నెలలు పాతవాటికి. 2015 నాటి ‘కిక్ 2’ మీద ఒక మాట రాసుకోవాలి. మొదటి సినిమాలో హీరోకి కిక్ కావాలి, అందుకోసం ఎంత కష్టమైనా పడతాడు. రెండోదాంట్లో ఆ హీరో కొడుక్కి కావాల్సింది కంఫర్ట్. పేరు కిక్, గుణం దానికి ఎదురు. పేరు చూసి వెళ్ళినవాడికి అక్కడే సగం మూడ్ పోతుంది. దీనికి పక్కన ‘కార్తికేయ 2’ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 2014కీ 2022కీ మధ్య ఊరు, కథ, రహస్యం అన్నీ మారాయి, అర్థం కానిదాన్ని వదలని ఆ డాక్టరు కుర్రాడి కుతూహలం మాత్రం మారలేదు.

థియేటర్‌కి వెళ్ళేవాళ్ళకి

పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో రేటు పెంచుకోవడానికి ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, అది ఎప్పటిదాకానో అందులోనే ఉంటుంది. ఆ గడువు దాటాక వెళ్ళండి. 2024–25లో టికెట్ ధర 100 రూపాయల వరకు జీఎస్టీ 12 శాతం, దాటితే 18 ఉండేది. ఆన్‌లైన్‌లో కొంటే సౌకర్య రుసుము అదనం. జగదాంబ వైపు సింగిల్ స్క్రీన్లలో మధ్యాహ్నం ఆటకి కౌంటర్ దగ్గరే తీసుకుంటే అది మిగులుతుంది.

మూడు గంటలు దాటిన సినిమాకి సెకండ్ షో వద్దు. రాత్రి 9:30 ఆట అయితే ప్రకటనలు, ఇంటర్వెల్ కలుపుకుని బయటికొచ్చేసరికి ఒంటి గంట దాటుతుంది. గాజువాక, మధురవాడ వెళ్ళాల్సినవాళ్ళకి ఆ వేళ ఆటోవాడు అడిగిందే రేటు.

మైకు

జూలై, ఆగస్టు సమావేశాల్లో మైకు గరగరలాడింది. యాంప్లిఫయర్ పాడైందనుకుని కొత్తది కొనబోయారు, అదృష్టం కొద్దీ ముందు పిన్ను విప్పి చూశారు. సముద్రపు ఉప్పుగాలికి జాక్ పిన్ను మీద పచ్చగా చిలుము పట్టింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి పిన్నూ, సాకెట్టూ తుడిచి పావుగంట ఆరనిస్తే సరిపోయింది. ఇప్పుడు మైకు, వైర్లు మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంటున్నాయి. పొట్లాలు నెలకోసారి మార్చాలి. కార్డ్‌లెస్ మైకు బ్యాటరీలు వాడాక తీసి పెట్టండి, లోపలే ఉంచితే కారి స్ప్రింగులు తింటాయి.

మాట్లాడే సమయం మనిషికి మూడు నిమిషాలే. మొదటి 20 నిమిషాలు కథ చెప్పకూడదు, గంట కొట్టాక చెప్పొచ్చు. సినిమా చూడనివాళ్ళు ఆ గంట వినగానే బయటికి టీకి వెళ్ళాలి. టీ అయిపోయిందని లోపలికొచ్చి, ముగింపు వినేసి, ఆనక అలిగితే కార్యవర్గం బాధ్యత లేదు.

వచ్చే ఏడాది

మార్చి 28న వచ్చిన ‘మ్యాడ్ స్క్వేర్’ చర్చ ఏప్రిల్ 13న. చీటీలు ముందే తీసుకున్నాం. మే 1న ‘హిట్ 3’ వస్తోంది. రెండో కేసు, అంటే ‘హిట్ 2’ కథ, మన ఊళ్ళోనే జరిగింది కాబట్టి దాన్ని మళ్ళీ చూడటానికి ఎవరికీ బద్ధకం ఉండదనుకుంటున్నాం. దాని చివర్లో కనిపించే మూడో భాగం హీరో అర్జున్ సర్కార్‌ని చూశాకే చీటీ రాయండి, ఏప్రిల్ 27 లోపు డబ్బాలో వెయ్యండి.

నవంబర్ 10న ‘కల్కి 2898 ఏడీ’, ‘దేవర’ మొదటి భాగాలకు రాసిన చీటీలు విడిగా రెండు కవర్లలో పెట్టి లక్కతో అంటించాం. వాటి రెండో భాగాలు ఎప్పుడొస్తే అప్పుడే విప్పుతారు. కవర్లు బీరువా పై అరలో ఉన్నాయి, తాళంచెవి కోశాధికారి దగ్గరుంది. అంతకుముందే చదవాలని అడగొద్దు.

సినిమా విభాగం, కార్యవర్గం తరఫున
విశాఖపట్నం, ఏప్రిల్ 2025