రద్దీ అంటే సరిపోతుందా?

సంపాదకులకు,

మనవరాలి కళాశాల దరఖాస్తుకు గడువు ఆ సాయంత్రం ఐదు గంటలు. మధ్యాహ్నం నుంచే సైటు తెరుచుకోలేదు. పర్లాకిమిడి నెట్‌దే తప్పనుకుని ఆటోలో సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లాం. అక్కడా అదే తెల్ల తెర. రాష్ట్రం మారితే సర్వరు కూడా మారుతుందనుకున్న నా తెలివికి మనవరాలు ఇప్పటికీ నవ్వుతోంది. మర్నాడు గడువు పొడిగించి, ‘రద్దీ వల్ల అంతరాయం’ అని ఒక్క వాక్యం పెట్టారు.

రద్దీ కాదట. ఆ సైటు చూసేవారిలో నా పాత విద్యార్థి ఒకడున్నాడు. సగం నింపిన దరఖాస్తును మూటగట్టి మన కంప్యూటర్‌కే ఇచ్చి, మళ్లీ వెళ్లినప్పుడు విప్పుకొనే ఏర్పాటు అందులో ఉంది. ఆ విప్పడమే డీసీరియలైజేషన్. ఎవరో ఆకతాయి మూటను మార్చి పంపాడు.

లెక్కల మాస్టారిని కనుక ఆ కిటుకేమిటో అడిగి తెలుసుకున్నాను. 2015లోనే బయటపడిన కిటుకు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో కట్టిన ఆ మూటలో 201 పెట్టెలు. ఒక్కో పెట్టెలో రెండు, ఆ రెండింటిలోనూ కింది వరసలోని అవే రెండు, ఇలా 100 వరసలు. మొత్తం 5,744 బైట్లు. మూట విప్పి పెట్టెను సర్దాలంటే దానికో గుర్తుసంఖ్య కట్టాలి, అందుకు లోపలి రెండింటినీ అడగాలి. ఒకసారి చెప్పిన జవాబును అది గుర్తుంచుకోదు, మళ్లీ మొదటినుంచి అడుగుతుంది. వరస వరసకూ పని రెట్టింపు. 30 వరసలకే అడగడం 107 కోట్ల సార్లు దాటుతుంది. ఇక 100 వరసలంటే, ఏ ప్రాసెసర్‌కూ తెమిలే లెక్క కాదు. మిగిలినవాళ్లంతా బయట నిలబడాల్సిందే.

2017లో వచ్చిన జావా 9లో లోతుకు, బైట్లకు హద్దు పెట్టే వడపోత చేర్చారు, పాత వెర్షన్లకూ ఇచ్చారు. కానీ హద్దు ఎంతో సైటు తయారుచేసేవారే రాయాలి. వీరు రాయలేదు. మా పిల్ల ఫొటో 50 కిలోబైట్లు దాటిందని మూడుసార్లు తిప్పికొట్టిన సైటు ఇదే!

మూటను సర్వరులోనే ఉంచి మనకు చీటీ నంబరు మాత్రం ఇస్తే ఈ బెడద ఉండదని మా శిష్యుడి మాట. ఆ మార్పు చేశారో లేదో యాజమాన్యం బహిరంగంగా చెప్పాలి. వచ్చే ఏడాది మనవడి ప్లస్ టూ పూర్తవుతుంది.

– విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా