ప్రాక్టీసు మానకుండానే పాఠం చెప్పు

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీస్సులు.

లా కాలేజీ వాళ్లు బ్యాంకింగ్, దివాలా చట్టాలు బోధించమని అడిగారనీ, ప్రాక్టీసు వదులుకోవలసి వస్తుందేమోనని నువ్వు వెనకాడుతున్నావనీ అమ్మ చెప్పింది. పూర్తికాలపు జీతం ఉద్యోగంలో చేరితే ప్రాక్టీసు ఆపక తప్పదు గాని, అడ్వొకేట్ల చట్టం కింద 1979లో చేసిన నియమాల ప్రకారం న్యాయవాది రోజుకు మూడు గంటలకు మించకుండా న్యాయశాస్త్రం బోధించవచ్చు. ఈ సంగతి నాకన్నా నీకే బాగా తెలియాలి.

నువ్వు ఒప్పుకోవాలని నేననడానికి కారణం ఉంది. బ్యాంకు రికవరీ విభాగంలో ఉన్నప్పుడు మా దగ్గరికి వచ్చిన కుర్ర లాయర్లు కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద, బాకీ కట్టమని ఇచ్చే 13(2) నోటీసుకు గడువు 60 రోజులని తడుముకోకుండా చెప్పేవారు. ఆ నోటీసే చేతికిస్తే మాత్రం, బాకీ ఏ తేదీ వరకు లెక్కకట్టారో, హామీదారుకు విడిగా పంపారో లేదో, సర్వే నంబరూ హద్దులూ తనఖా దస్తావేజుతో సరిపోయాయో లేదో చూడాలన్న ఆలోచనే చాలామందికి వచ్చేది కాదు. స్వాధీన నోటీసును తలుపుకు అంటించడంతో పని అయిపోదనీ, ఏడు రోజుల్లోగా రెండు పత్రికల్లో, వాటిలో ఒకటి స్థానిక భాషలో, ప్రకటించాలనీ మా గుమస్తా వాళ్లకు గుర్తుచేసేవాడు. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదని పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంటుంది. పాసుపుస్తకంలో పొలంగా ఉన్న చోట షెడ్లు లేచి ఉంటే ఏమిటన్నది అసలు తగాదా. భూమి స్వభావాన్ని, వాడుకను వాస్తవాలను బట్టి తేల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. దీన్ని రోజూ వాదించేవాళ్లే చెప్పాలి.

దివాలా స్మృతికి మన విశాఖపట్నం కంపెనీ సినర్జీస్ డూరే ఆటోమోటివ్‌నే తీసుకో. 2016 నాటి స్మృతి కింద ఆమోదం పొందిన తొలి పరిష్కార ప్రణాళిక, అంటే అప్పులు తేల్చి కంపెనీని నిలబెట్టే పథకం, దానిదే. 2017 ఆగస్టులో హైదరాబాద్‌లోని కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదించింది. సుమారు 970 కోట్ల బాకీకి వచ్చింది 54 కోట్లే. అయితే ఆ అంకె చెప్పి వదిలేయకు. రుణదాతల కమిటీలో ఓటు లేని అనుబంధ సంస్థ తనకు రావలసిన బాకీ హక్కును ముందే ఒక ఫైనాన్సు కంపెనీకి బదిలీ చేసింది కాబట్టి ఆ కమిటీలో ఓట్ల వాటాలు ఎలా మారాయో విద్యార్థులచేత కాగితం మీద లెక్క కట్టించు. అంత ఓపిక లేని క్లాసైతే లెక్కను నువ్వే వేసి చూపించు, పరవాలేదు.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండు. నీ కక్షిదారుల ఫైళ్లు, పేర్లు తీసేసినా సరే, క్లాసుకు తీసుకెళ్లవద్దు. హైదరాబాద్‌లో ఈ పని చేసే వాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. రెండు వివరాలు వింటే మూడోది ఊహించుకుంటారు. బహిరంగంగా ఉన్న తీర్పులే నీకు కావలసినన్ని దొరుకుతాయి.

క్లాసులు ఉదయం పూటే పెట్టమని, నియామక పత్రంలో పార్ట్‌టైమ్ అని, రోజుకు ఎన్ని గంటలో కూడా స్పష్టంగా రాయమని అడుగు. సంతకం చేసే ముందు నకలు నాకు పంపు. ఒకసారి చదివి చూస్తాను.

నాన్న