పెద్దక్షరాల ‘మాలపల్లి’ ఎందుకు ఆలస్యమైంది

పాఠకులకు నమస్కారం. ఉగాదికి పెద్దక్షరాల్లో అచ్చువేసి ఇస్తామన్న ఉన్నవ లక్ష్మీనారాయణగారి నవల ‘మాలపల్లి’ ఇంకా మీ చేతికి రాలేదు. ముందుగా డబ్బు కట్టినవారు ఫోను చేసి అడుగుతున్నారు. అడగడం న్యాయమే. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మొదటి భాగం 300 ప్రతులు అచ్చయి కర్నూలులోని మా దుకాణానికి వచ్చాయి. కట్ట విప్పి ఒకటి తెరవగానే గుండె జారింది. మామూలు నవలల్లో అక్షరం సైజు 11, 12 పాయింట్లు ఉంటుంది. మేం 18 పెట్టాం. అక్షరం పెరిగింది కానీ వరుసల మధ్య ఎడం అందుకు తగ్గట్టు పెరగలేదు. తెలుగు అక్షరం పైకీ ఎదుగుతుంది, కిందికీ దిగుతుంది. ‘శాస్త్రి’ అన్న మాట కింద దిగిన తవత్తు, కింది వరుసలోని ‘కీ’ నెత్తిమీది గుడిదీర్ఘానికి తగులుకుంది. శుక్లాల ఆపరేషన్ అయిన మా పెద్దమ్మకు ఆ పుట ఇచ్చాను. మూడో వరుసకే వేలు పెట్టి వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఆ ప్రతులు అమ్మను. తప్పు ప్రెస్సుది కాదు, నాది. కంప్యూటర్ తెరమీద చూసి సరేనన్నాను. కాగితం మీద ఒక్క నమూనా పుట తీయించి ఉంటే మీకు ఈ నిరీక్షణ ఉండేది కాదు. క్షమించండి.

రెండో సంగతి బరువు. ‘మాలపల్లి’ మామూలు అచ్చులోనే లావుపాటి నవల. మేం అనుకున్నట్టు రెండు భాగాలుగా వేస్తే, వణికే చేతులు పట్టుకోలేని పుస్తకమవుతుంది. 1964లో ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో ఫ్రెడరిక్ థోర్ప్ పెద్దక్షరాల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడూ ఇదే చిక్కు వచ్చింది. తొలి పుస్తకాలు మరీ పెద్దవి, బరువైనవి కావడంతో తర్వాత సైజు తగ్గించారు. అందుకే ఇప్పుడు నాలుగు భాగాలు చేస్తున్నాం. కళ్ళకు గుచ్చే తెల్ల కాగితం బదులు లేత మీగడ రంగు కాగితం. గమ్ బైండింగు బదులు కుట్టు బైండింగు, బల్లమీద పరిస్తే తెరిచినట్టే ఉంటుంది. ఇందువల్ల ధర 900 నుంచి 1,150 రూపాయలవుతోంది. ఇప్పటికే కట్టినవారు పైసా అదనంగా ఇవ్వనక్కర్లేదు. ఆగలేమనుకుంటే డబ్బు మొత్తం తిరిగి ఇస్తాను.

తమకు నచ్చిన ఇటీవలి నవలలు వేయమని చాలామంది అడుగుతున్నారు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు హక్కులు వారసులవే. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1958లో కన్నుమూశారు కనుక మాకు వీలైంది. మిగతావారి కుటుంబాలకు ఉత్తరాలు రాస్తున్నాను. అనుమతి లేకుండా ఒక్క పుట కూడా వేయను.

మన కర్నూలు జిల్లా వివరాల గ్రంథాన్ని (మాన్యువల్) 1886లో కూర్చిన నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారే 1872లో ‘శ్రీరంగరాజ చరిత్ర’ రాశారు. తెలుగులో తొలి నవల అదేనని చెప్పేవారున్నారు. కర్నూలులో ఉంటూ దాన్ని పెద్దక్షరాల్లో వేయకపోతే నాకు తృప్తి ఉండదు. తర్వాతి పుస్తకం అదే.

కొత్త నమూనా పుటలు నాలుగు, వరుసల ఎడం మార్చి మార్చి, దుకాణంలో బల్లమీద పెట్టాను. చత్వారం నలభైలోనే మొదలవుతుంది కదా, పెద్దవాళ్ళే రానక్కర్లేదు. మీ కళ్ళజోడుతో, మీరు రోజూ చదివే వెలుతురులో చూడాలంటే ఇంటికి తీసుకెళ్ళండి. ఏ పుట హాయిగా ఉందో శనివారంలోగా చెప్పండి. సోమవారం దాన్నే ప్రెస్సుకు ఇస్తాను.